వేప దర్వాజ

నా ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు మళ్లీ మొలిచాయి. మొన్న బస్సులో పై కడ్డీ పట్టుకుని నిలబడ్డప్పుడు గమనించాను. రెండో చేతికి ఎలా ఉన్నాయో దీనికీ అలాగే ఉన్నాయి. నిజానికి సంతోషించాల్సిన విషయం. నాకు మాత్రం దిగులేసింది.

ఉలికి పదును వచ్చిందో లేదో చూడటానికి చెక్కపని చేసే మా వాళ్లందరిదీ ఒకటే పద్ధతి. అంచును ముంజేతికి ఆనించి మెల్లగా జరుపుతాం. వెంట్రుకలు తెగి రాలితే పదును వచ్చినట్టు, రాలకపోతే మళ్లీ రాయి మీద రుద్దాలి. కుడిచేత్తో ఉలి పట్టుకుంటాం కాబట్టి బోడి అయ్యేది ఎప్పుడూ ఎడమ చెయ్యే. శంషాబాద్‌లో కొన్నేళ్ల పాటు అలా ఎడమ చెయ్యి బోడిగా తిరిగిన వాళ్లం నలుగురం ఉండేవాళ్లం. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆఫీసులో పక్క సీటావిడ ఒకరోజు నా చెయ్యి పట్టుకుని చూసి, ఏం క్రీము రాస్తున్నావు, ఒక చేతికే ఎందుకు రాశావు అని అడిగింది. క్రీము అయిపోయింది, రెండో చేతికి వచ్చే నెల కొంటానని చెప్పాను. ఆవిడ నమ్మింది.

నేను పనిచేసేది విమానాశ్రయం సరుకుల విభాగంలో. విమానాశ్రయం తెరిచిన కొత్తలోనే చేరాను. పై దేశాల నుంచి యంత్రాలు చెక్క పెట్టెల్లో వచ్చేవి. సరుకు వెళ్లిపోయాక విరిగిన పెట్టెల చెక్కలు గోడవారన కుప్పపడి ఉండేవి. తెల్లటి చెక్క, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏదో చలి దేశం వాసన. అడిగి నాలుగు పలకలు ఇంటికి తెచ్చుకున్నాను. వంటింట్లో పోపుల డబ్బాలు పెట్టుకోవడానికి అర చేద్దామనుకున్నాను. అది ఎంత వంకరగా వచ్చిందంటే, డబ్బాలు వాటంతట అవే ఒక మూలకి నడిచేవి. మా ఆయన ఏమీ అనలేదు, రోజూ పొద్దున్నే వాటిని మళ్లీ వరసలో పెట్టేవాడు. ఆ మర్యాద నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. రంపం మొండిదై ఉంటుంది, దానికి పళ్లు పెట్టాలని ఎవరో చెబితే ఆకురాయి కొనడానికి బజారుకు వెళ్లాను.

ఆ దుకాణం అతనే తర్వాత నాకు అన్న అయ్యాడు. మేకులు, గొళ్లేలు, పైపులు అమ్మేవాడు. చుట్టుపక్కల పల్లెలో తరతరాల వ్యవసాయం వాళ్లది. ఆకురాయి నా చేతిలో పెట్టి వదల్లేదు.

"గిది ఎవరికి చెల్లె?"

"నాకే."

"రంపానికా, కత్తికా?"

"రంపానికి."

అతను నా ఎడమ చెయ్యి వైపు చూశాడు. అప్పటికి అది మామూలు చెయ్యే. తన ముంజేయి చూపించాడు, కొత్తగా గీసిన గడ్డంలా నున్నగా ఉంది. "ఐతారం రా. మా షెడ్డు కాడ నేర్పిస్త. ఇంట్ల ఒక్కదానివే రాస్తే పళ్లన్ని పాడు చేస్తవ్" అన్నాడు.

షెడ్డు వాళ్ల పొలం గట్టున ఉండేది. ఎప్పుడో మోటారు కోసం వేసిన రేకుల షెడ్డు. పక్కనే ఎండిపోయిన బావి, బావి మీదికి వంగిన వేప చెట్టు. అక్కడ ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన సార్, కోస్తా వైపు కాలేజీలో చెప్పి రిటైరై మా ఊళ్లో స్థిరపడ్డ మనిషి. ఏ పని మొదలుపెట్టినా ముందు దాని గురించి ఒక పుస్తకం చదివి వచ్చేవాడు. రెండో అతను మైలార్‌దేవ్‌పల్లిలో పళ్ల డాక్టరు. మా అందరిలో బాగా పదును పెట్టేది అతనే. అంతకు మించి అతను ఏదీ చేయలేదు. ఉలి తెచ్చేవాడు, పూటంతా రుద్దేవాడు, చేతి మీద చూసుకునేవాడు, గుడ్డలో చుట్టుకుని ఇంటికి పోయేవాడు. ఏం చేస్తున్నావు తమ్ముడూ అంటే, వచ్చే వారం మొదలుపెడతా అక్కా అనేవాడు.

ఆ ఆదివారాల్లో మేం చేసిన వస్తువులు చెప్పుకోదగ్గవేం కావు. పీటలు, రొట్టెల కర్రలు, సార్ పుస్తకాలకు ఒక స్టాండు. చేయడం కన్నా మాట్లాడుకోవడమే ఎక్కువ. విమానం మా మీదుగా లేచినప్పుడల్లా రేకులు అదిరేవి, బల్ల మీది పెన్సిలు దొర్లేది, ఎవరి మాట అక్కడ ఆగిపోయేది. విమానం వెళ్లాక సార్ మాత్రం ఆగిన అక్షరం దగ్గర్నుంచే అందుకునేవాడు. మిగతా ముగ్గురం ఏం చెబుతున్నామో మరిచిపోయి నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఇంట్లో ఉన్నా విమానం చప్పుడు వింటే నా మాట దానంతట అదే ఆగిపోతుంది. ఎదుట మా అమ్మాయి, ఏమైందమ్మా, చెప్పు అంటుంది.

తర్వాత పొలాలు పోవడం మొదలైంది. విమానాశ్రయం చుట్టూ ఎకరమెకరం చేతులు మారింది. అన్న వాళ్లు అన్నదమ్ములంతా కలిసి తమ పొలం కూడా అమ్మేశారు. కొన్నతను మంచివాడే, ప్లాట్లు వేసేదాకా షెడ్డు వాడుకోమన్నాడు. చెట్టు మాత్రం ముందే కొట్టించాలన్నాడు, కొలతలకు అడ్డమొస్తుందట. అన్న కొత్తూరు పక్కన ఇల్లు కట్టుకుంటున్నాడు. ఆ వేపతోనే తన ఇంటి దర్వాజ, గుమ్మం చట్రమంతా, తానే చేసుకోవాలని నిశ్చయించుకున్నాడు. పొలం పోయింది, చెట్టు పోతోంది, చెట్టులో కొంతైనా ఇంటికి రావాలి. ఈ మాట అతను ఎన్నడూ ఇలా వివరంగా అనలేదు. "దర్వాజ దీంతోనే" అన్నాడంతే.

దుంగను ట్రాక్టరు మీద వేసుకుని కోత మిల్లుకు తీసుకెళితే వాళ్లు కోయబోమన్నారు. బావి మీది చెట్టు, అందులో ఎన్ని మేకులుంటాయో ఎవరికి తెలుసు, మిషను రంపం తెగితే ప్రాణాలు పోతాయి అన్నారు. వాళ్ల తప్పేం లేదు. పొలాల్లో చెట్టంటే గోడతో సమానం. ఎవరు ఏం తగిలించుకోవాలన్నా దానికే ఒక మేకు కొట్టేవాళ్లు.

అలా దుంగ షెడ్డుకే తిరిగొచ్చింది. అన్న పాత సామాన్లు అమ్మే జుమేరాత్ బజార్లో తిరిగి తిరిగి మనిషంత పొడవున్న కోత రంపం పట్టుకొచ్చాడు. రెండు చివరలా రెండు పిడులు. దుంగను ఎత్తుగా ఆనించి పైన ఒకరు, కింద ఒకరు నిలబడి కోయాలి. సార్‌కు నడుము నొప్పి. డాక్టరుకు చేతులే బతుకుతెరువు. మిగిలింది నేను. అన్న దుంగ ఎక్కాడు, నేను కింద నిలబడ్డాను.

కింద నిలబడే మనిషి నెత్తి మీద రంపపు పొట్టంతా పడుతుంది. తలకు గుడ్డ కట్టుకున్నా కళ్లలోకి, మెడలోకి, నోట్లోకి వచ్చేది. వేప పొట్టు ఎంత చేదో తిన్నవాళ్లకే తెలుసు. టీ తాగితే చేదు, ఇంటికెళ్లి అన్నం తిన్నా చేదు. మా ఆయన ఉగాది వచ్చిందా అని అడిగేవాడు. నాకు మొదటి రోజు అన్నింటికన్నా కోపం తెప్పించింది ఆ రంపం. ఎంత బలంగా నెట్టినా మధ్యలో వంగి పట్టేసేది.

"నూకకు చెల్లె. గుంజుడే నీ పని."

"గుంజుతున్న కదా అన్నా."

"గుంజినంక నూకుతున్నవ్. గుంజి ఇడిచిపెట్టు. నా వంతు నన్ను గుంజనియ్యి."

అంత సులువైన మాట నాకు ఎక్కడానికి చాలా పూటలు పట్టింది. నా వంతు లాగాక చేతులు వదులుగా ఉంచాలి. పట్టుకునే ఉండాలి, కానీ ఏమీ చేయకూడదు. ఏమీ చేయకుండా ఉండటం నా వల్ల అయ్యే పని కాదు, ఇంట్లో ఎవరిని అడిగినా చెబుతారు. కూర కలుపుతున్న చేతిలోంచి గరిటె లాక్కునే రకం నేను. అలాంటిదాన్ని ఒకరోజు నాకు తెలియకుండానే వదిలేశాను. రంపం నా చేతిలోంచి పైకి వెళ్లింది, కిందికి వచ్చింది, మళ్లీ వెళ్లింది. పైన అన్న ముఖం కనిపించదు, కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. అయినా అతను అలసిపోయాడో, ఏదో ఆలోచిస్తున్నాడో, పొద్దున ఇంట్లో గొడవపడి వచ్చాడో పిడిలో తెలిసిపోయేది. నా సంగతీ అతనికి అలాగే తెలిసేది. "నిన్న ఆఫీసుల ఎవరినో తిట్టినవ్" అనేవాడు పైనుంచి. తిట్టే ఉండేదాన్ని.

మేకులు చాలానే తగిలాయి. తగిలినప్పుడల్లా రంపం పళ్లు పోయేవి, ఆకురాయితో మళ్లీ పెట్టుకునేవాళ్లం, డాక్టరుకు చేతినిండా పని. ఒకటి మాత్రం చాలా లోపల తగిలింది. కర్రుమని చప్పుడొచ్చింది. అన్న దిగి, ఉలితో చుట్టూ తొలిచి మేకు బయటికి లాగాడు. పొడుగాటి పాత ఇనుప మేకు. దాని చుట్టూ చెక్క నీలంగా, నల్లగా, సిరా ఒలికినట్టు మారి ఉంది. అన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని అలా కూర్చుండిపోయాడు.

"ఇది మా బాపు కొట్టిన మేకు" అన్నాడు. "సద్ది మూట గీడనే తగిలిస్తుండె, చీమలు పట్టకుంట. నేను చిన్నగున్నప్పుడు బయటికి ఇంత ఉండె. ఏటేటా చెట్టు లోపటికి తీస్కపోయింది. బాపు పోయిన ఏడు తలకాయ ఒక్కటి కనపడ్తుండె. ఆ తర్వాత అది గూడ కనపడలే."

మీద విమానం వెళ్లింది. సార్ కూడా ఈసారి మాట అందుకోలేదు.

ఆ మచ్చ ఉన్న పలక దర్వాజ మీద అడ్డంగా వచ్చే పైపట్టె కావాలని అన్న అప్పుడే గుర్తు పెట్టాడు. ఇంట్లోకి వచ్చే ప్రతి మనిషికీ మచ్చ కనపడాలన్నాడు. ఆ రోజు నుంచి మా నలుగురికీ అది అతని ఒక్కడి దర్వాజ కాదు. డాక్టరు కూడా నిజంగా పనిచేస్తానన్నాడు.

పలకలన్నీ కోసి, మధ్యలో సన్నటి కర్రలు పెట్టి, గాలి ఆడేలా షెడ్డులో పేర్చాం. అప్పటికి వానాకాలం. దసరా వెళ్లాక అన్న వాళ్లమ్మ అయ్యగారిని అడిగి దర్వాజ ఎత్తడానికి మాఘంలో ముహూర్తం పెట్టించింది. ఆ సంగతి చెబుతూనే అన్న ఒక పలకను వేలి కణుపుతో కొట్టాడు. తడి చెక్క చప్పుడు తెలిసిన వాళ్లకు తెలుస్తుంది. మొద్దుగా, లోపలే ఆగిపోతుంది.

"అంగుళం మందానికి ఏడాది ఆరాలంటారండి. ఇవి మూడంగుళాలున్నాయి" అన్నాడు సార్.

"ఇప్పుడు బిగిస్తే ఎండాకాలంల అతుకులన్ని ఇడిపోతయి. చౌకట్టు మెలికె తిరుగుతది. తలుపు పడదన్నా" అన్నాడు డాక్టరు.

అందరికన్నా పట్టుదల అన్నదే. "వంకర దర్వాజ నా చేత్తోని పెట్టుకోను" అన్నాడు. ఎన్నడూ దేనికీ ఓపిక లేని నేను కూడా ఆ రోజు పెద్ద తెలిసినదానిలా తల ఊపాను. మా లోకంలో పచ్చి చెక్కతో పని చేయడం కన్నా పెద్ద పాపం లేదు. ముహూర్తం వాయిదా వేయమని అన్న అడిగాడు. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. చివరికి కాటేదాన్ వైపు ఉన్న కట్టెల డిపోలో తయారుగా ఉన్న టేకు దర్వాజ కొన్నాడు.

మాఘంలో మేమంతా వెళ్లాం. దర్వాజ నిలబెట్టారు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నవధాన్యాల మూట కట్టారు. నున్నగా, తిన్నగా, ఏ మచ్చా లేకుండా ఉంది. అలవాటు కొద్దీ డాక్టరు మూలమట్టం తెచ్చాడు. పెట్టి చూస్తే మూలలు సరిగ్గా ఉన్నాయి. అదేదో తప్పు చేసినట్టు మళ్లీ సంచిలో దాచేసుకున్నాడు.

భోజనాల దగ్గర అన్న వాళ్లమ్మ వచ్చి కొడుకు పక్కన కూర్చుంది.

"నీ వేప ఏమాయె బిడ్డా? దాంతోనే పెడ్తవనుకున్న."

"ఎండలేదమ్మా. పచ్చిది పెడితే వంకర పోతది."

ఆవిడ వింతగా చూసింది. "మన పాతింటి దర్వాజ ఎండిందే పెట్టిండ్రా? చెట్టు కొట్టుడు, దర్వాజ ఎత్తుడు ఒక్క నెలలనే ఆయె. అదీ వేపనే. దాని తలుపు ఏనాడు సక్కగ పడ్డది? మీ బాపు భుజం పెట్టి లేపి ఏస్తుండె. పొలం కాడికెంచి ఎంత రాత్రొచ్చినా ఆ సప్పుడుకే నాకు ఎరుకయ్యేది, వచ్చిండని."

అంది, లేచి పెరుగు వడ్డించడానికి వెళ్లింది. ఆవిడ దెప్పి పొడవలేదు, ఉన్న మాట చెప్పింది. అన్న విస్తరిలో అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. అతను కూడా ఆ తలుపును భుజంతో లేపి మూసే పెరిగాడు. ఆ ఊళ్లో ప్రతి ఇంటి తలుపూ అలాగే పడేది. పుస్తకాలూ మూలమట్టాలూ పట్టుకుని తిరిగిన మా నలుగురిలో ఒక్కరికీ అది గుర్తు రాలేదు. నాకు ఇప్పటికీ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు.

ఆ తర్వాత ఎవరూ మానేస్తున్నామని చెప్పలేదు. అన్న కొత్త ఇంటికి మారాడు, దుకాణం కూడా అటే మార్చాడు. ప్లాట్లు వేసేవాళ్లు వచ్చి షెడ్డు తీసేశారు. డాక్టరు ఊరికి ఆ చివర ఇంకో క్లినిక్కు పెట్టాడు, ఆదివారాలు కూడా తెరిచే ఉంటుంది. సార్ రాష్ట్రం రెండయ్యే ముందు తన ఊరికి వెళ్లిపోయాడు. బస్సెక్కేటప్పుడు, పలకలను వానకు తడవనివ్వకండమ్మా అన్నాడు. వాటిని నేను మా ఇంటి మేడ మీదికి చేర్పించాను. వాటితోపాటు రంపం కూడా నా దగ్గరికే వచ్చింది.

దాన్ని గోడకు తగిలించాను. ఒక్కోసారి దించి, ఒక పిడి పట్టుకుని నిలబడతాను. లాగితే వస్తుంది, కానీ వదిలితే పోదు. అవతల ఎవరూ లేరు. మా ఆయన ఒకసారి జాలిపడి అవతలి పిడి పట్టుకున్నాడు. పాపం నెట్టాడు, రంపం వంగిపోయింది, నేను గట్టిగా అరిచాను. తప్పు అతనిది కాదు. నాకు కావలసింది లాగే మనిషి ఒక్కడే కాదు. పైనుంచి కాళ్లు మాత్రమే కనిపించే ఆ మనిషి కావాలి, నోట్లో ఆ చేదు కావాలి, ఆగిన అక్షరం దగ్గర్నుంచి అందుకునే ఆ గొంతు కావాలి. టీవీలో చెక్కపని చూపిస్తే చానల్ మార్చేస్తాను.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది, ఎండలు తగ్గాక, మేడ మీదికెళ్లి మచ్చ ఉన్న పలకను వేలి కణుపుతో కొట్టాను. ఖంగుమంది. ఇంకో చోట కొట్టాను, అక్కడా అంతే. అది పూర్తిగా ఎండింది. మెలిక తిరగలేదు, పగలలేదు. మచ్చ ఇంకా నల్లబడింది. కిందికి దిగి అన్నకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. పలకను ఆటోలో అడ్డంగా పెట్టుకుని, సగం బయటికి పొడుచుకొచ్చేలా పట్టుకుని కొత్తూరు వెళ్లాను.

అన్న గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. కాస్త లావయ్యాడు. నేనేమీ చెప్పకముందే పలకను చేతుల్లోకి తీసుకుని కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎండింది చెల్లె."

"ఎండింది అన్నా."

మచ్చ మీద బొటనవేలు పెట్టి అలాగే ఉంచాడు. అతని ఎడమ ముంజేతి మీద కూడా వెంట్రుకలు వచ్చేశాయి. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం చూసుకున్నాం, ఎవరం నవ్వలేదు. లోపల వాళ్లమ్మ ఫోటోకు దండ వేసి ఉంది. ఆవిడ పోయిన సంగతి నాకు తెలుసు, అప్పుడు వచ్చాను కూడా. ఈ చెక్క ఎండిందని ఆవిడతో చెప్పడానికి లేదు.

"దీంతోని ఏం చేద్దాం? పీట చేద్దామా, అల్మారనా?" అని అడిగాను.

అన్న మచ్చ మీంచి వేలు తీశాడు. "వద్దు. నువ్వే తీస్కపో" అన్నాడు.

"నీది కదన్నా. నీ బాపుది."

"నా కాడ ఉంటే ఎవరో ఒకరు దీన్ని ఏదో ఒకటి చేసేస్తరు. నీ కాడ ఉంటే కోసుడు బాకీ ఉంటది. ఒక ఐతారం వస్త."

చాయ్ తాగాక పలకను తానే మోసుకొచ్చి ఆటోలో పెట్టాడు. తాడుతో కట్టాడు. కట్టాక కూడా చెయ్యి తీయలేదు.

"రంపానికి తుప్పు పట్టిందా?"

"లేదు. నూనె రాస్తున్న."

"పిడులకు?"

"రెండిటికి."

తల ఊపి లోపలికి వెళ్లాడు. అతని వెనక ఆ టేకు తలుపు తిన్నగా వచ్చి, ఏ చప్పుడూ లేకుండా పడింది. ఆటో కదిలేదాకా నేను అటే చెవి పెట్టి కూర్చున్నాను.